యాభై నాలుగు కిలోల లోపు

నేను తప్పు పౌడరు కొన్నానని ఖరగ్‌పూర్ పూరీ గేట్ వైపు తెలుగువాళ్ళలో ఇప్పటికీ ఒక మాట ఉంది. బరువులెత్తే పిల్ల ఒకతె ఉండేదట, ఏదో ఫారిన్ పౌడరు తాగి ఒళ్ళు ఉబ్బి, చేతికందిన రైల్వే ఉద్యోగం పోగొట్టుకుందట. ఆ పిల్లను నేనే. ఒళ్ళు ఉబ్బలేదు. పౌడరు తప్పుది కాదు. నా జీవితంలో నూటికి నూరుపాళ్ళు సరిగా ఎంచుకున్నది ఏదైనా ఉందంటే ఆ డబ్బా ఒక్కటే. మొగుణ్ణి కూడా అంత చూసి ఎంచుకోలేదు.

తొంభైల నడిమి సంగతి. నాన్న ఖరగ్‌పూర్ వర్క్‌షాపులో ఫిట్టరు. తాత శ్రీకాకుళం వైపు నుంచి పొట్ట చేతపట్టుకుని వచ్చి అదే వర్క్‌షాపులో ఖలాసీగా చేరాడు. మాకు రెండు గదులు, ఒక వరండా, పెరట్లో జామచెట్టు ఉన్న రైల్వే క్వార్టరు ఉండేది. నేను పుట్టింది ఆ గదుల్లోనే, నడక నేర్చింది ఆ వరండాలోనే. కాని అది మాది కాదు, రైల్వేది. మరుసటేడు నాన్న రిటైరవుతున్నాడు. ఇంట్లో పిల్లలెవరికైనా రైల్వే ఉద్యోగం ఉంటే క్వార్టరు వాళ్ళ పేరు మీదికి మార్చుకోవచ్చు. లేకపోతే మంచం, బీరువా, తులసి కుండీతో సహా వీధిలో పడాలి. నాకు అన్నదమ్ములు లేరు. ఇంట్లో ఉన్న పిల్ల నేనొక్కతెనే, నాకొచ్చిన విద్య బరువులెత్తడం ఒక్కటే.

నాన్న మంచివాడు. ఇది ముందే చెప్పాలి, లేకపోతే తర్వాత నేను రాసేదంతా చదివి ఆయన్ని దుర్మార్గుడనుకుంటారు. ఆడపిల్ల బిగుతు బట్టలేసుకుని ఇనుము ఎత్తడమేమిటని మా క్వార్టర్ల లైనులో ముసలమ్మలు బుగ్గలు నొక్కుకుంటే, నాన్న సైకిలు ఆపి మరీ జవాబు చెప్పేవాడు. "మీ కొడుకులు బిందె నీళ్ళు ఎత్తలేరు గదా, నా కూతురెత్తితే ఏడుపేటి?" అనేవాడు. క్లబ్బుకి రోజూ తనే దింపేవాడు. అలాంటి మనిషికి ఉన్న పిచ్చి ఒకటే. రైల్వే అంటే దేవుడు. మా ఇంట్లో గడియారం రేడియోని బట్టి కాదు, వర్క్‌షాపు సైరనుని బట్టి తిప్పేవాడు. అమ్మ ఎప్పుడైనా రేడియోలో టైము వేరేగా చెప్పారంటే నవ్వేవాడు. "రేడియోవోడికి నిద్దరొస్తే తప్పు సెప్తాడు. సైరనుకి నిద్దరేటే?"

మా క్లబ్బు రేకుల షెడ్డు. అందులో తుప్పు వాసన, చెమట వాసన, ఒక ఆంజనేయుడి పటం. కోచ్ బెంగాలీ ఆయన, అందరికీ దాదా, అంటే అన్నే. ఒకప్పుడు తనూ రైల్వే తరఫున ఎత్తినవాడు. ఆ ఏడు రైల్వేలో స్పోర్ట్స్ కోటా కింద ఖాళీలు పడ్డాయని దాదాయే చెప్పాడు. ఆడవాళ్ళ వెయిట్‌లిఫ్టింగులో ఒకే ఒక్క పోస్టు, అదీ యాభై నాలుగు కిలోల క్లాసులో. అంటే ఎత్తే మనిషి ఒంటి బరువు యాభై నాలుగు దాటకూడదు. నేను అప్పుడు యాభై మూడుకి అటూ ఇటూగా ఉండేదాన్ని. క్లాసు నాకోసం కొలిచి కుట్టినట్టే ఉంది. కాని నేను ఎత్తే బరువు పెరగడం ఆగిపోయింది. ఏడాదిగా అదే బరువు దగ్గర చేతులు వణికి బార్ కింద పడేసేదాన్ని. తింటే బలం వస్తుంది, బరువూ వస్తుంది. తినకపోతే బరువు రాదు, బలమూ రాదు. ముందు నుయ్యి వెనుక గొయ్యి.

దాదా మందు ఒకటే, శనగల సత్తు, అంటే వేయించిన శనగల పిండి, ఉడికిన గుడ్లు. అమ్మ మందు ఉలవలు, ఎండుచేపలు. "గుర్రాలు ఉలవలే గదేటి తింతాయి" అనేది. గుర్రానికి క్లాసు లేదమ్మా అంటే అర్థమయ్యేది కాదు. ఊళ్ళో ఒక షాపులో కండలవీరుడి బొమ్మ వేసిన డబ్బాలు అమ్మేవారు. క్లబ్బు మగపిల్లలు అవి తాగి పొట్టలు పెంచారు. నేను వాటి జోలికి పోలేదు.

క్రియాటిన్ అన్న మాట నాకు మొదట చెప్పింది వాల్తేరు వైపు నుంచి పోటీకి వచ్చిన ఒక అక్క. నాకంటే అయిదారేళ్ళు పెద్ద, అప్పటికే రైల్వేలో ఉద్యోగం చేస్తోంది. వార్మప్ గదిలో పక్కపక్కన కూర్చుని చేతులకి సుద్దపొడి రాసుకుంటుంటే నా గోడు వెళ్ళబోసుకున్నాను. ఆమె చుట్టూ చూసి మెల్లగా చెప్పింది.

"ఇది దొంగ మందు కాదు పాపా. మాంసంలో, సేపలో ఉన్నదే. పొడి సేసి అమ్ముతున్నారు, అంతే. కాని కొనేటప్పుడు డబ్బా మీద బొమ్మ సూడకు, ఎనకాల రాసింది సూడు. క్రియాటిన్ తప్ప ఇంకో పేరుంటే ఒగ్గేయ్. సాక్లెట్టు వాసనొస్తే ఒగ్గేయ్. తెల్లగా, రుచీ పచీ లేకుండా ఉండాల. సల్లనీళ్ళల్లో యేస్తే అడుక్కి దిగిపోవాల. మొదటి వారం ఎక్కువెక్కువ తాగమని రాస్తారు. నువ్వలా సెయ్యకు, రోజుకో సిన్న సెంచా సాలు."

"బరువు పెరుగుతుందా అక్కా?"

"కండలోకి నీళ్ళు లాగుద్ది. కిలో పెరగొచ్చు, కొంచెం పైన కూడా పెరగొచ్చు. నువ్వు క్లాసు అంచు మీదున్నావు. వారం వారం తూకం సూసుకో. పెరుగుతున్నావని తెలిస్తే తిండి సర్దుకోవచ్చు. తెలీకపోతేనే సచ్చేది."

ఈ ఆఖరి మాట నేను వేదంలా పట్టుకున్నాను. ఊళ్ళో నన్ను తిట్టేవాళ్ళకి ఇది తెలియదు.

ఆ పౌడరు ఖరగ్‌పూర్‌లో దొరకదు. కలకత్తాలో రేవు దగ్గర ఓడల సరుకు అమ్మే బజారులో దొరుకుతుందన్నారు. నాన్న పాసు మీద ఇద్దరం వెళ్ళాం. ఇరుకు సందులో టేపురికార్డర్లు, సెంట్లు, గొడుగుల మధ్య ఒక కొట్టువాడు అలమారలోంచి మూడు డబ్బాలు తీసి బల్ల మీద పెట్టాడు. ఒకటి బిందె అంత ఉంది. దాని మీద పులి, పులి పక్కన పులి లాంటి మనిషి. "దీదీ, ఏ లే లో, ఏక్ మహీనే మే దస్ కిలో!" అన్నాడు. నాకు పది కిలోలు వద్దు బాబూ, ఒక్క కిలో కూడా వద్దు అంటే నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూశాడు. డబ్బు పెట్టి పౌడరు కొని బరువు పెరగొద్దనే మనిషిని వాడు అదే మొదటిసారి చూడడం. నాన్నకీ ఆ పులి డబ్బాయే నచ్చింది.

"సైజు సూడమ్మీ. ఇది ఆర్నెల్లొస్తాది."

"అందులో సగం పంచదార నాన్నా."

రెండోదానిలో క్రియాటిన్ ఉంది కాని దానితోపాటు ఇంకో ఎనిమిది పేర్లు ఉన్నాయి. మూత తీస్తే బత్తాయి బిళ్ళల వాసన. మూడోది చిన్నది, తెల్లటిది, బొమ్మ లేదు. వెనకాల ఒకే ఒక్క పేరు ఉంది. కొట్టువాడు విసుక్కుంటూనే మూత విప్పి చూడనిచ్చాడు. చిటికెడు నాలిక మీద వేసుకున్నాను. ఇసక నమిలినట్టుంది, రుచి లేదు. పక్క టీకొట్లో గ్లాసుతో చన్నీళ్ళు తెచ్చి అందులో ఇంకో చిటికెడు వేసి కలిపాను. పొడి తిరిగి తిరిగి అడుక్కి దిగింది. కొట్టువాడు, నాన్న, టీ కుర్రాడు, ముగ్గురూ నా గ్లాసులోకే చూస్తున్నారు. "ఇదే" అన్నాను. నాన్న పులిని వదల్లేక వదిలి, "నీకే తెలుసు గదే, సదువుకున్నదానివి" అన్నాడు. ఆ మాటకి తిరుగు రైల్లో నాకు ఎంత సంతోషమేసిందో ఇప్పుడు తలుచుకుంటే ఒళ్ళు మండుతుంది.

రోజూ పొద్దున్న గోరువెచ్చని నీళ్ళలో ఒక చెంచా వేసుకుని తాగేదాన్ని. అమ్మ ఆ పొడిని సున్నం అనేది. కిడ్నీలు పోతాయని లైనులో ఎవరో భయపెడితే వారం రోజులు ఏడ్చి, నేను తాగే ప్రతిసారీ పక్కన నిలబడి రెండు చెంబుల నీళ్ళు కూడా తాగించేది. మూడో వారం నుంచి తేడా తెలిసింది. ఇదివరకు మూడుసార్లు ఎత్తి ఆపేసే బరువుని అయిదుసార్లు ఎత్తుతున్నాను. నెల తిరిగేసరికి, ఏడాదిగా నన్ను వెక్కిరించిన బరువు తలమీదికి వెళ్ళి అక్కడ నిలబడింది. బార్ కింద పెట్టాక దాదా అద్దాలు తీసి తుడుచుకుని, "ఫిర్ సే" అన్నాడు. మళ్ళీ ఎత్తాను. ఆ రోజు సైకిలు నేను తొక్కుతానని నాన్నని వెనక కూర్చోబెట్టుకుని ఇంటికి తీసుకొచ్చాను.

మిగిలింది తూకం. క్లబ్బులో ఉన్న మిషను ముల్లు ఎప్పుడో ఇరుక్కుపోయింది, దాని మీద మగపిల్లలు చెప్పులు పెట్టుకునేవారు. మందుల షాపులో చిన్న మిషను ఉండేది, ఒకే మనిషి మూడుసార్లు ఎక్కితే మూడు మాటలు చెప్పేది. స్టేషను ప్లాట్‌ఫారం మీద రూపాయి బిళ్ళ వేస్తే చీటీ ఇచ్చే రంగుదీపాల మిషను ఒకటి ఉంది. నాన్న వాటన్నిటినీ ఒక్క మాటతో కొట్టేశాడు. "రైల్వే కాటా ఉండగా ఈ దిక్కుమాలిన మిషన్లు మనకేటి?"

నాన్న స్నేహితుడు ఒకాయన లైను మీద కొంచెం అవతల ఒక చిన్న స్టేషనులో గూడ్సు గుమాస్తా. ఆ స్టేషను పేరు రాయను. నాన్నా ఆయనా ఒకే క్వార్టర్ల లైనులో పెరిగారు. నేను బాబాయి అని పిలిచేదాన్ని. ఆయన గూడ్సు షెడ్డులో పెద్ద కాటా ఉండేది, ఇనుప పలక, ఇత్తడి కర్ర. ఆ చుట్టుపక్కల ఊళ్ళ నుంచి తమలపాకుల బుట్టలు ఆ కాటా మీదే తూగి దేశమంతా వెళ్ళేవి. ప్రతి ఆదివారం నాన్న నన్ను ప్యాసింజరులో అక్కడికి తీసుకెళ్ళేవాడు. తడి గోనెల వాసన మధ్య చెప్పులు విప్పి పలక మీద నిలబడేదాన్ని. బాబాయి కర్ర మీద గుండు జరిపి, కన్ను చికిలించి చూసి, పెళ్ళిపందిట్లో కట్నాలు చదివినట్టు గొంతెత్తి చెప్పేవాడు.

"యాబై మూడు, తల్లీ! పైన పిసరు. బేఫికర్ గా ఉండు!"

ఆ తర్వాత టీ, బిస్కెట్లు. నాన్న మొహంలో వెలుగు.

ఒకసారి మాత్రం, ఆ పోస్టుకి పెట్టిన ట్రయల్స్‌కి ఇంకా నెల ఉందనగా, తిరుగు రైలు దిగాక నాన్న వెనకాల వస్తుంటే నేను బిళ్ళ మిషను ఎక్కాను. చీటీ బయటికి వచ్చింది. ఒక వైపు, మీకు త్వరలో ఉన్నత పదవి అని హిందీలో జోస్యం. రెండో వైపు యాభై అయిదు. నాన్న చీటీ లాక్కుని చూసి నవ్వాడు. "కంట్రాక్టరోడి మిషనే ఇది. బరువెక్కువ సూపిస్తే మళ్ళా ఎక్కుతారని." మరుసటి ఆదివారం నేను బాబాయినే అడిగాను. స్టేషను మిషను రెండు కిలోలు ఎక్కువ చూపిస్తోంది బాబాయీ, ఏది నిజం? ఆయన గుండు జరుపుతున్న చెయ్యి ఆగింది. రుమాలు తీసి మెడ తుడుచుకున్నాడు. "సిల్లర మిషను మాట ఒట్టిదమ్మా" అన్నాడు. నాన్న, "సెప్పలేదా నాను!" అని గట్టిగా నవ్వాడు. బాబాయి టీ తెప్పించడానికి బయటికి వెళ్ళాడు. ఆ ఒక్క క్షణంలో ఆయన నోరు విప్పి ఉంటే నాకు నెల రోజులు ఉండేవి. నెలలో రెండు కిలోలు తగ్గడం నాకు మంచినీళ్ళ ప్రాయం.

కలకత్తాలో ట్రయల్స్ రోజు పొద్దున్న తూకం. ముందు రోజు నుంచి నేను గుప్పెడు ముడీ, అదే మన మరమరాలు, తప్ప ఏమీ ముట్టలేదు. అదీ అవసరమై కాదు, జాగ్రత్త కోసం. గదిలో ఒక పెద్దావిడ, ఒక అంకెల మిషను. ఎక్కాను. యాభై అయిదు దాటి ఇంకొంచెం ముందుకు వెళ్ళి ఆగింది. ఆవిడ దిగి మళ్ళీ ఎక్కమంది. మళ్ళీ అదే. అక్కడున్న మిగతా ఆడపిల్లలందరూ ఎక్కారు, వాళ్ళు చెప్పుకున్న బరువే వాళ్ళకి వచ్చింది. తూకానికి గంట టైము ఉంటుంది. దాదా నా మీద రెండు స్వెట్టర్లు, నాన్న రైల్వే కోటు వేసి మైదానం చుట్టూ పరుగెత్తించాడు. ఉమ్మి ఊశాను, నోరు ఎండి నాలిక అంగిలికి అంటుకుంది. గంట అయ్యాక ఎక్కితే సగం కూడా తగ్గలేదు. ఆ పెద్దావిడ కటువుగా మాట్లాడలేదు. పై క్లాసులో ఎత్తుకోవచ్చు, కాని ఆ క్లాసులో పోస్టు లేదు బేటీ అంది.

ఎత్తాను. ఎందుకెత్తానో నాకే తెలియదు, కోపంతో ఎత్తాను. ఆ రోజు ఎత్తినంత బరువు నేను ముందూ ఎత్తలేదు, తర్వాతా ఎత్తలేదు. యాభై నాలుగు క్లాసులో ఒకమ్మాయికి ఉద్యోగం వచ్చింది. ఆమె ఎత్తింది నాకంటే తక్కువ. ఆమె తప్పేమీ లేదు. పౌడరు దాని పని అది చేసింది, నా చేతులు వాటి పని అవి చేశాయి. ఉద్యోగం మాత్రం పక్క గదిలోకి వెళ్ళిపోయింది.

తిరుగు రైల్లో కిటికీ పక్కన కూర్చుని ఏడుస్తుంటే నాన్న నా ఎదుట కూర్చున్నాడు. ఓదారుస్తాడనుకున్నాను.

"రాత్రి ఏటి తిన్నావో నిజం సెప్పు."

"ముడీ నాన్నా. నువ్వే గదా ఇచ్చావు."

"మొన్న ఆదివారం యాబై మూడున్నర. నాలుగు రోజుల్లో రెండు కిలోలెలాగొస్తాదే? ఏదో తిన్నావు. నేదంటే ఆ ఫారిన్ సున్నం ముంచేసినాది. పులి డబ్బా కొన్నా బాగుణ్ణు."

రైలు పెట్టెలో మనుషులందరూ వింటున్నారు. దాదా తల తిప్పుకున్నాడు. ఉద్యోగం పోయిన బాధ ఒకటి, నా మాట కంటే ఒక ఇత్తడి కర్ర మాట నాన్నకి ఎక్కువైన బాధ ఇంకొకటి. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే ఏమిటో అప్పుడు తెలిసింది.

నాలుగు రోజులు ఆ బిళ్ళ మిషను చీటీయే నా కళ్ళ ముందు ఆడింది. అయిదో రోజు క్లబ్బుకి వెళ్ళి దాదాని బార్‌కి తగిలించే ఇనుప బిళ్ళలు రెండు అడిగాను. మా క్లబ్బులో బిళ్ళలు చాలావరకు లోకల్ పోతవి, కాని పోటీల కోసం తెప్పించిన ఇరవై కిలోల జత ఒకటి ఉండేది. తూకం వేసి ముద్ర కొట్టి వచ్చినవి. దాదా వాటిని బీరువాలో పెట్టి తాళం వేసేవాడు, పెళ్ళానికి కూడా చూపించడని మేము నవ్వుకునేవాళ్ళం. ఎందుకని అడక్కుండానే తాళం తీశాడు. ఆదివారం ఆ జతని గోనెలో కట్టుకుని బయల్దేరాను. నాన్నా వచ్చాడు. నా తప్పు నా కళ్ళకే చూపించాలని వచ్చాడు. "తేల్సుకుందాం పద" అన్నాడు.

షెడ్డులో బాబాయి ఒక్కడే ఉన్నాడు. తడి గోనెలు కప్పిన తమలపాకుల బుట్టలు గోడ పొడుగునా పేర్చి ఉన్నాయి. గోనె విప్పి రెండు బిళ్ళలూ పలక మీద పెట్టాను. నలభై రావాలి. బాబాయి కదల్లేదు. గుండు నేనే జరిపాను. ముప్పై ఎనిమిదిన్నర దగ్గర కర్ర నిలబడింది. ఇంకోసారి చేశాను. మళ్ళీ అక్కడే.

"మీ బిళ్ళలే తక్కువుంటాయి" అన్నాడు నాన్న.

"వాటి మీద ముద్ర ఉంది నాన్నా."

నాన్న ముద్రని చూశాడు, వేలితో తడిమి చూశాడు. తర్వాత బాబాయిని చూశాడు. బాబాయి దొంగకు తేలు కుట్టినట్టు నిలబడి బుట్టల వైపు చూస్తున్నాడు. ఆ చూపుతో నాకు మొత్తం అర్థమైంది. ఆకుల వర్తకుల కోసం ఆ కాటాని ఎప్పటినుంచో తేలిగ్గా పెట్టారు. బరువు తక్కువ చూపిస్తే రైలు కిరాయి తగ్గుతుంది, బుట్టకి కొంత, బుట్టకి కొంత. ఎవరికీ నష్టం కనపడదు, రైల్వేకి తప్ప. రైల్వే అడగదు. ఆ కాటా మీద నిలబడి నేను ఆదివారం ఆదివారం తమలపాకులతోపాటు తేలికైపోయాను. బాబాయి వారం వారం నా బరువు చూశాడు, ఒక్కసారి నిజం చెప్పలేదు. చెబితే కాటా సంగతి బయటపడుతుంది.

"అన్నా…" అన్నాడు బాబాయి. నాన్న బిళ్ళలు తనే గోనెలో పెట్టి, భుజాన వేసుకుని బయటికి నడిచాడు. నా బరువులు ఎప్పుడూ మొయ్యని నాన్న ఆ రోజు నలభై కిలోలు మోశాడు, నేను మోస్తానన్నా ఇవ్వలేదు.

ప్లాట్‌ఫారం చివర సిమెంటు బెంచీ మీద కూర్చున్నాక నేనే అన్నాను. కంప్లయింటు ఇద్దాం. కాటా తప్పని రాసిస్తే, ఏమో, ఇంకో ఛాన్సు ఇస్తారేమో. నాన్న అడ్డంగా తలాడించాడు.

"ఈ మాట ఎక్కడా అనకు. మీ యమ్మతో కూడా అనకు."

"ఎందుకు?"

"ఆడికింకా సర్వీసుంది. రిపోర్టయితే ఉజ్జోగం పోద్ది, పించను పోద్ది, జైలు కూడా అవుద్ది. నువ్వు పుట్టినప్పుడు మీ యమ్మకి రగతమిచ్చినోడే ఆడు."

"మరి నా ఉద్యోగం?"

"నీది రాని ఉజ్జోగమే. ఆడిది ఉన్న ఉజ్జోగం."

లెక్క సరిగానే ఉంది. బాబాయి ఇచ్చిన రక్తం, బాబాయి పెన్షను ఒకవైపు పెట్టి, రెండోవైపు నన్ను పెట్టి చూశాడు నాన్న. నేను తేలిపోయాను.

మాట బయటికి రాకూడదంటే జనానికి ఇంకో మాట కావాలి. అది సిద్ధంగానే ఉంది. పౌడరు. నాన్న అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ అదే చెప్పాడు. ఫారిన్ పౌడరు తాగినాది, ఒళ్ళు నీరు పట్టినాది. అమ్మ మిగిలిన డబ్బాని పెరట్లో గొయ్యి తీసి పాతిపెట్టింది, కుక్కలు తిని చస్తాయని భయపడి. దాదాకి నేను బిళ్ళలు తిరిగి ఇచ్చాను గాని నిజం ఇవ్వలేదు. ఆయన కొత్తగా వచ్చిన ప్రతి ఆడపిల్లకీ నన్ను చూపించి ఆ తెల్లపొడి జోలికి పోవద్దని చెప్పడం మొదలుపెట్టాడు. ఒకమ్మాయి నా దగ్గరికే వచ్చి, దీదీ, ఏది కొనకూడదో చెప్పండి అని అడిగింది. ఏది కొనాలో నాకు తెలుసు. చెప్పబోతే దాదా చూస్తున్నాడు. నేను ఆ తర్వాత క్లబ్బుకి వెళ్ళడం మానేశాను.

నాన్న రిటైరయ్యాడు. క్వార్టరు ఖాళీ చేసి తాల్‌బగీచాలో అద్దె గదుల్లోకి మారాం. నేను ఎస్టీడీ బూత్‌లో కూర్చుని, ఊళ్ళకి ఫోన్లు కలుపుతూ, అందరి కష్టాలూ గాజు తలుపు వెనకనుంచి చూసేదాన్ని. బాబాయి నెలకోసారి ఇంటికి వచ్చేవాడు. అమ్మకి తెలియదు కాబట్టి అమ్మ చేపల పులుసు వండేది. నాన్న తన గ్లాసులోంచి ఆయనకి టీ వంపేవాడు. నేను వాళ్ళ మధ్యనుంచి మంచినీళ్ళ చెంబు పట్టుకుని తిరిగేదాన్ని. ఆ ఇద్దరిలో ఎవరి మీద నాకు ఎక్కువ కోపమో తేల్చుకోవడానికి చాలా ఏళ్ళు పట్టింది. బాబాయి భయపడ్డాడు. భయపడినవాణ్ణి తిట్టుకోవచ్చు, మరిచిపోవచ్చు. నాన్నకి ఏ భయమూ లేదు.

కొన్నాళ్ళకి బాబాయీ రిటైరయ్యాడు. రైల్వేలో అది పెళ్ళితో సమానం. గూడ్సు షెడ్డు పక్క గదిలో రంగుకాగితాలు కట్టారు, కుర్చీలు వేశారు. బంతిపూల దండ, శాలువా, గోడగడియారం. బెంగాలీ స్టేషను మాస్టరు మాట్లాడాడు, యూనియనాయన మాట్లాడాడు. తర్వాత నాన్నని పిలిచారు. నాన్న ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చాడు. బాబాయి భుజం మీద చెయ్యి వేసి, అందరికీ వినపడేట్టు చెప్పాడు.

"ముప్పై ఏళ్ళు కాటా దగ్గర కూకున్నాడు ఈడు. ఇంత ఆకు, ఇంత సరుకు ఈడి సేతి మీద ఎళ్ళినాది. ఒక్కనాడు ఒక్కడు ఈడి మీద ఏలెత్తి సూపించలేదు. అది సిన్న సంగతి కాదు."

చప్పట్లు మోగాయి. బాబాయి కళ్ళు తుడుచుకున్నాడు. అమ్మ మోచేత్తో నన్ను పొడిచింది, చప్పట్లు కొట్టవేమే అని. నేను చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను.

తర్వాత మిఠాయిలు పంచారు. బాబాయి దండతోనే పళ్ళెం పట్టుకుని వరసగా అందరికీ తనే పెట్టుకుంటూ వచ్చాడు. నా దగ్గర ఆగాడు. ఒక లడ్డూ తీసి నా చేతిలో పెట్టి, "తిను తల్లీ" అన్నాడు. నేను దాన్ని పట్టుకుని అలాగే ఉండిపోయాను. వెనకనుంచి నాన్న గొంతు వినపడింది, గది అంతా వినేట్టు, సరదాగా.

"తిను, తిను. ఇప్పుడు నిన్ను కాటా ఎక్కించీవోడెవుడూ నేడు!"

అందరూ నవ్వారు. పౌడరు కథ అందరికీ తెలిసిందే. అమ్మ కూడా నవ్వింది, పాపం, తనకి అది హాస్యమే. కాటా సంగతి తెలిసినవాళ్ళం ఆ గదిలో ముగ్గురమే ఉన్నాం. అందులో ఇద్దరు నవ్వారు.